నల్లవారనగా నెవరు? - స్టీవ్ బీకో జీవిత చరిత్రము

తల్లిదండ్రులు ముద్దుగా పెట్టిన పేరు ఒకటి యుండును. ఊరివారు పిలుచు పేరు మరియొకటి యుండును. సర్కారు చిట్టాలో వ్రాయబడిన పేరు వేరొకటి కావచ్చును. దీనివలన ఎవరికిని పెద్ద కష్టము లేదు. కాని లక్షలకొలది జనులకు ఇతరులు ఒక పేరు తగిలించి, ఆ పేరునుబట్టి వారు ఏ వీధిలో కాపురముండవలెనో, ఏ బడిలో చదువవలెనో, ఏ రైలుపెట్టెలో కూర్చుండవలెనో శాసించినప్పుడు ఆ పేరే వారికి సంకెల యగును. అట్టి సంకెలను త్రెంచుటకు పూనుకొనిన యువకుడొకడు దక్షిణాఫ్రికా దేశమున నుండెను. అతని పేరు స్టీవ్ బీకో. అతడు ముప్పది యేండ్ల ప్రాయముననే పోలీసుల చెరలో ప్రాణములు విడిచెను. నల్లవారనగా నెవరు అను ప్రశ్నకు అతడును అతని మిత్రులును చెప్పిన సమాధానములో మన తెలుగువారికి కూడ చోటుండెను. కావున అతని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

తెలుగువారికిని ఆ దూరదేశమునకును సంబంధమెట్లు కలిగెనో మొదట చెప్పవలెను. 1860వ సంవత్సరము అక్టోబరు మాసమున ట్రూరో అను ఓడ మన మద్రాసు తీరమును విడిచెను. అప్పటికి ఇచ్చట రేవుకట్ట లేదు. దూరమున లంగరు వేసిన ఓడలకు ప్రయాణికులను మసూలా పడవలలో అలలమీదుగా చేర్చుచుండిరి. ఆ ఓడ నవంబరు 16వ తేదీన, 342 మంది కూలీలతో, నేటాలు రాష్ట్రములోని డర్బను రేవును చేరెను. అది మొదలు 1911 వరకు లక్షా యేబదివేలకు పైబడిన భారతీయులు ఐదేండ్ల ఒప్పందముపై అచటి చెరకు తోటలకు పోయిరి. వారిలో ఇంచుమించు మూడింట రెండు పాళ్లవారు మద్రాసునుండియే ఓడనెక్కిరి. చిత్తూరు, విశాఖపట్టణము మొదలగు ప్రాంతముల తెలుగువారు పెక్కుమంది అందుండిరి. గడువు తీరిన పిమ్మట చాలమంది తిరిగి రాక అచటనే స్థిరపడిరి. భాషను మరువకుండుటకై 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి.

ఆ దేశములో అధికారమంతయు ఐరోపా సంతతివారగు తెల్లవారి చేతిలో నుండెను. 1948లో నేషనల్ పార్టీ ప్రభుత్వమునకు వచ్చి, అపార్థీడ్ అను పేరుతో వర్ణవివక్షమును సంపూర్ణముగా చట్టబద్ధము చేసెను. 1950లో చేయబడిన జనాభా నమోదు చట్టము ప్రతి మనుష్యునకును ఒక జాతిముద్ర వేసెను. తెల్లవారొక తరగతి; ఆఫ్రికను లొక తరగతి; మిశ్రమ సంతతివారు కలర్డ్ అనబడు మరియొక తరగతి; మొదట ఈ తరగతిలోనే ఉపశాఖగా నుండిన భారతీయులు తరువాత ప్రత్యేకముగా లెక్కింపబడిరి. ఎవరే తరగతికి చెందుదురో సందేహము కలిగినచో అధికారులు ముఖకవళికలు చూచుచుండిరి. జుట్టులో పెన్సిలు దూర్చి, అది జారిపడునో నిలుచునో పరీక్షించుచుండిరి. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు ఒక తరగతిలోను, మరియొకరు వేరొక తరగతిలోను పడిన సందర్భములు కలవు. అమెరికాలో కొన్ని రాష్ట్రముల చట్టములు వేరుమార్గమున పోయెను. అచట పూర్వులలో ఒక్కడు ఆఫ్రికా సంతతివాడైనను సంతానమంతయు నల్లవారే. ఒకే మనుష్యుడు ఒక దేశమున నల్లవాడుగను, వేరొక దేశమున కలర్డ్ గను ఎంచబడవచ్చును. అట్లైనచో జాతి యనునది చర్మములో నున్నదా, చట్టములో నున్నదా?

ఈ ప్రశ్న బీకో జీవితమంతటను వెన్నాడెను. అతడు 1946 డిసెంబరు 18న ఈస్టర్న్ కేప్ ప్రాంతములోని టార్కస్టాడ్ అను ఊర జన్మించెను. ఇంటివారు పెట్టిన పూర్తి పేరు బంటు స్టీఫెన్ బీకో. వారి ఖోసా భాషలో బంటు అనగా మనుష్యులని యర్థము. ప్రభుత్వము అదే మాటను ఆఫ్రికనులకు అధికారనామముగా చేసి, బంటు చదువు, బంటు పేట యని తక్కువ విలువగల ప్రతిదానికిని తగిలించుచుండెను. మనుష్యత్వమును చాటు పేరు తక్కువతనమునకు గుర్తైనది.

తండ్రి మిజింగాయే ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తా. ఉద్యోగము చేయుచునే న్యాయశాస్త్రము చదువుచుండెను. 1950లో అతడు మరణించునాటికి బీకోకు నాలుగేండ్లైనను నిండలేదు. తల్లి నోకుజోలా మొదట తెల్లవారి యిండ్లలో పనిచేసి, తరువాత ఆసుపత్రిలో వంటమనిషిగా కుదిరి, నలుగురు బిడ్డలను పెంచెను. వారు కింగ్ విలియమ్స్ టౌన్ నగరమునంటియున్న గిన్స్‌బర్గ్ అను ఆఫ్రికనుల పేటలో నివసించిరి. బాలుడు చదువులో చురుకైనవాడు. అతనిని పైచదువునకు పంపు శక్తి తల్లికి లేకపోగా పేటవారే చేయూతనిచ్చి, 1963లో లవ్‌డేల్ అను ప్రసిద్ధ విద్యాలయమునకు పంపిరి. అన్న ఖాయా అచటనే చదువుచుండెను. రహస్య రాజకీయ సంఘముతో సంబంధమున్నదను అనుమానముపై పోలీసులు అన్నను నిర్బంధించి, తమ్ముని కూడ ప్రశ్నించిరి. తమ్ముడేమియు చేయకపోయినను విద్యాలయమువారు అతనిని వెడలగొట్టిరి. చేరి మూడు నెలలైనను కాలేదు. తరువాత అతడు నేటాలులోని మేరియన్‌హిల్ కాథలికు విద్యాలయమున చదివి, 1966లో డర్బనులోని నేటాలు విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో ప్రవేశించెను.

ఆ వైద్యకళాశాల తెల్లవారు కానివారికై ప్రత్యేకింపబడినది. ఆ కారణముననే అందు ఒక విశేషమేర్పడెను. దేశమంతట వేరువేరు పేటలలో వేరువేరు బడులలో పెరిగిన ఆఫ్రికనులు, కలర్డులు, భారతీయులు అచట ఒకే తరగతిలో కూర్చుండి, ఒకే వసతిగృహములో నివసించుచుండిరి. చట్టము వేరుచేసినవారిని చట్టమే ఒక కప్పు క్రిందికి చేర్చినది. చెరకుతోటలకు వచ్చిన తాతల మనుమలును, పశువుల కాపరుల మనుమలును ఒక బల్లయొద్ద భోజనముచేయుచు, తమ బాధలలో భేదమెంత, సామ్యమెంత యని తర్కించుకొనిరి.

ఆ కాలమున విద్యార్థులకు జాతీయ సంఘమొకటి యుండెను. అందు తెల్లవారే అధికసంఖ్యాకులు. వారు వర్ణవివక్షమును నిరసించుచు తీర్మానములు చేయుచుండిరి. 1967 జూలైలో ఆ సంఘము గ్రేహమ్స్ టౌన్ నగరములోని రోడ్స్ విశ్వవిద్యాలయమున సమావేశమయ్యెను. తెల్ల ప్రతినిధులకు విశ్వవిద్యాలయపు గదులు దొరకెను. నల్ల ప్రతినిధులకు దూరపు పేటలోని చర్చి హాలు చూపింపబడెను. సమావేశమును ఆపివేయవలెనని బీకో ప్రతిపాదించెను. అధికసంఖ్యాకులు విచారము వెలిబుచ్చిరి గాని సమావేశమును మాత్రము ఆపలేదు. సానుభూతి చూపువాడును బాధపడువాడును ఒకే చోట నిలిచియుండరని బీకోకు ఆనాడు స్పష్టమయ్యెను. తెల్లవారిపై ద్వేషమువలన అతడీ నిశ్చయమునకు రాలేదు. తమ తరఫున ఇతరులు మాటలాడుచున్నంతకాలము తమవారికి నోరు రాదని అతడు తలంచెను. మంచి మనసుగల తెల్లవారు తమ సోదరుల మనసులు మార్చుటకు పూనుకొనుట మేలని అతని యభిప్రాయము.

1969 జూలైలో టర్ఫ్‌లూప్ అను చోట నల్లవిద్యార్థుల ప్రత్యేక సంస్థ ప్రారంభమయ్యెను. దానిని సాసో యని పిలిచెడివారు. బీకో దాని మొదటి అధ్యక్షుడు. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ ఒక మాటను త్రోసివేసెను. అంతవరకు పత్రికలును, చట్టములును, విద్యార్థులును గూడ తెల్లవారు కానివారు అను మాటనే వాడుచుండిరి. బీకోయు మిత్రులును దీనిని పరిశీలించిరి. మామిడిచెట్టును వేపచెట్టు కానిదని యెవరైన పిలుతురా? ఒకరిని వారు కానిదానితో పిలుచుట వారిని లేనివారుగా చేయుటయే. కావున తాము నల్లవారమని చెప్పుకొనవలెనని వారు నిశ్చయించిరి. అంతవరకు నిందగా వినబడిన మాటను గౌరవనామముగా స్వీకరించిరి.

అంతట, నల్లవారనగా నెవరు అను ప్రశ్న వచ్చెను. సాసో ఇచ్చిన నిర్వచనములో రెండు లక్షణములున్నవి. చట్టమువలనగాని ఆచారమువలనగాని ఒక సమూహముగా రాజకీయమున, ఆర్థికమున, సంఘమున అణచివేయబడుట మొదటి లక్షణము. ఆ యణచివేతను తొలగించుకొనుటకు తామందఱు ఒక్కటియని భావించి నిలుచుట రెండవ లక్షణము. మొదటిది ఇతరులు చేయునది. రెండవది తమంతట తాము చేసికొనునది. ఈ రెండింటిలోను ఒంటిరంగు ప్రసక్తి లేదు. ఈ నిర్వచనముచే ఆఫ్రికనులు, కలర్డులు, భారతీయులు, అనగా డర్బనులోని తెలుగు కుటుంబపు బిడ్డలు కూడ, నల్లవారగుదురు. ఎంత నల్లని చర్మముగలవాడైనను జీతమునకై తనవారిని హింసించు పోలీసుద్యోగములో చేరినచో, లేక తెల్లవాడు కాలేకపోతినే యని లోలోపల కుమిలినచో, ఈ నిర్వచనము ప్రకారము నల్లవాడు కాడు. నలుపు మనోభావమును బట్టి వచ్చునది గాని వర్ణకమును బట్టి కాదని బీకో బోధించెను. అణచువాని చేతిలోని ఆయుధములలో అణగినవాని మనస్సే మిక్కిలి బలమైనదని అతని సిద్ధాంతము. ఈ యుద్యమమునకు నల్లచైతన్యమని పేరు.

చెప్పుటకు సులభముగా నున్నను దీనిని ఆచరించుట కష్టమయ్యెను. 1949 జనవరిలో డర్బను నగరమున ఆఫ్రికనులకును భారతీయులకును ఘోరమైన కలహము జరిగెను. అధికార లెక్కల ప్రకారము 142 మంది మరణించిరి. భారతీయుల దుకాణములును ఇండ్లును తగులబడెను. ఆ భయము మరువని వృద్ధులు ప్రతి యింటను ఉండిరి. చట్టము భారతీయునకు ఆఫ్రికనునికంటె ఒక మెట్టు పైన చోటిచ్చెను. రాబెన్ ద్వీపపు చెరసాలలో సైతము చాలకాలము భారతీయ ఖైదీకి రొట్టె దొరకెడిది, ఆఫ్రికనునకు దొరకెడిది కాదు. ఆ చిన్న రొట్టెముక్కతోనే ఇరువురి మధ్య గోడ కట్టబడుచుండెను. మేము నల్లవారము కాము, భారతీయులము అని చాలమంది అనుకొనిరి. ఆఫ్రికనులలోను వర్తకులగు భారతీయులను నమ్మనివారుండిరి. 1971లో నేటాలు ఇండియను కాంగ్రెసు పునరుద్ధరింపబడినప్పుడు, భారతీయులు వేరుసంఘముగా నుండవలెనా, నల్లవారితో కలియవలెనా యని వాదోపవాదములు జరిగెను. భారత సంతతివారైన సాత్స్ కూపర్, స్ట్రీనీ మూడ్లీ మున్నగు యువకులు మాత్రము కలియుటయే ధర్మమని బీకో ప్రక్కన నిలిచిరి. ఈ నిలుకడకు వారు చెల్లించిన వెల ముందు తెలియగలదు.

ఉద్యమపు పనిలో మునిగిన బీకో 1972లో వైద్యవిద్యకు దూరమయ్యెను. ఉపన్యాసములు మాత్రమే చాలవని అతడెఱుగును. నల్లజన సమాజ కార్యక్రమములను సంస్థలో చేరి గ్రామసేవకు పూనుకొనెను. 1973 మార్చిలో ప్రభుత్వము బీకో, కూపర్, మూడ్లీ మొదలగు ఎనమండ్రుగురిపై నిషేధాజ్ఞలు విధించెను. బీకో గిన్స్‌బర్గ్ పేటకు తిరిగి పోయి, కింగ్ విలియమ్స్ టౌన్ ఎల్లలు దాటకుండ నుండవలెను, ఒక్కసారి ఒక్కనితో మాత్రమే మాటలాడవలెను, ఏమియు ప్రచురింపరాదు, అతని మాటలను ఇతరులెవరును పత్రికలలో ఉదాహరింపరాదు. నోరు కట్టినను అతని చేతులాగలేదు. ఆ ప్రాంతమునందే జినియోకా గ్రామమున 1975లో జనెంపిలో వైద్యశాల వెలసెను. డాక్టర్ మాంఫెలా రాంఫేలే అందు వైద్యురాలు. ఎన్‌జ్వాఖా అను గ్రామమున తోలుపని కుటీరపరిశ్రమ సాగెను. రాజకీయ ఖైదీల కుటుంబములను ఆదుకొనుటకు జిమేలే నిధి ఏర్పడెను. తనను తాను చక్కదిద్దుకొనగలనను ధైర్యము నల్లవానికి కలిగించుటే ఈ పనులన్నింటి లక్ష్యము.

1974 సెప్టెంబరులో పొరుగుదేశమగు మొజాంబిక్ స్వాతంత్ర్యమునకు చేరువ యగుచున్నందుకు హర్షము ప్రకటించుచు ఉద్యమమువారు సభలు తలపెట్టిరి. ప్రభుత్వము నిషేధించి, పలువురిని పట్టుకొని, తొమ్మండ్రుగురిపై ప్రిటోరియాలో దీర్ఘమైన వ్యాజ్యము నడిపెను. 1976 మే మాసమున బీకో వారి పక్షమున సాక్ష్యమిచ్చెను. చూచుటకు గోధుమరంగువారై యుండి నల్లవారమని యేల చెప్పుకొందురని న్యాయాధిపతి అడుగగా, గులాబిరంగున నున్న తమరు తెల్లవారమని యేల చెప్పుకొందురో అందులకే యని బీకో వినయముగా బదులు చెప్పెను. సభాసదులు నవ్విరి గాని, అందున్న సత్యము నవ్వులలో పోలేదు. రెండుప్రక్కల పేళ్లును రంగును చెప్పుటలేదు, అధికారమును చెప్పుచున్నవి. ఆ సంవత్సరాంతమున తొమ్మండ్రుగురికిని శిక్ష పడెను. కూపర్, మూడ్లీలు తమ ఆఫ్రికను సోదరులతోగూడ రాబెన్ ద్వీపమునకు పోయిరి.

ఆ వ్యాజ్యము నడుచుచుండగనే మరియొక సంఘటన జరిగెను. మనవంటి విద్యార్థులు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. ఆఫ్రికను బడులలో సగము పాఠములు ఆఫ్రికాన్స్ భాషలో చెప్పవలెనని ప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఆ భాష పాలకులది. పిల్లలకే గాక పెక్కుమంది ఉపాధ్యాయులకును సరిగా రాదు. 1976 జూన్ 16న సొవేటో పేట విద్యార్థులు వేలకొలది వీధులలోనికి వచ్చిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. పన్నెండేండ్ల హెక్టర్ పీటర్సన్ మొదలగు బాలురు నేలకొరిగిరి. ఆ పిల్లల కోరిక గొప్పది కాదు. తమకర్థమగు భాషలో లెక్కలును చరిత్రయు నేర్చుకొనవలెనని మాత్రమే. ఆ తరమునకు తలయెత్తుట నేర్పినవారిలో బీకో ఉద్యమము ముఖ్యమైనది. ఆగస్టులో అతనిని పట్టుకొని విచారణ లేకుండ 101 దినములు ఏకాంతవాసమున నుంచిరి.

1977 ఆగస్టు 18న, నిషేధమును దాటి ప్రయాణము చేయుచుండగా, గ్రేహమ్స్ టౌన్ సమీపమున బీకోను, మిత్రుడగు పీటర్ జోన్స్‌ను పోలీసులు నిర్బంధించిరి. పోర్ట్ ఎలిజబెత్ నగరమున బీకోను వస్త్రహీనునిగా, సంకెలలతో ఉంచిరి. సెప్టెంబరు 6న జరిగిన విచారణలో అతని తలకు తీవ్రమైన గాయములయ్యెను. వైద్యులు చూచియు కాపాడలేదు. 11వ తేదీన, స్పృహ లేని స్థితిలో, నగ్నముగనే, పోలీసు బండి వెనుకభాగమున పడవేసి వేయి కిలోమీటర్లకు పైబడిన దూరములోనున్న ప్రిటోరియాకు తరలించిరి. మరునాడు, సెప్టెంబరు 12న, చెరసాల గదిలో అతడు మరణించెను. వైద్యవిద్యార్థిగా నుండినవాడు వైద్యము లేక చనిపోయెను.

నిరాహారవ్రతమువలన మరణించెనని మంత్రి నమ్మింపజూచెను. ఆ సంవత్సరము జరిగిన మరణవిచారణలో ఎవరును దోషులు కారని తీర్పు వచ్చెను. కాని సత్యము దాగలేదు. అంత్యక్రియలకు ఇంచుమించు 20,000 మంది వచ్చిరి. అక్టోబరు 19న ప్రభుత్వము సాసో మొదలగు సంస్థలన్నింటిని నిషేధింపగా, నవంబరు 4న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆ దేశమునకు ఆయుధములు పంపరాదని తీర్మానించెను. పత్రికా సంపాదకుడును తెల్లవాడునగు డోనాల్డ్ వుడ్స్ తన మిత్రుని చరిత్రమును గ్రంథముగా వ్రాసెను. వర్ణవివక్ష పాలనము తొలగిన పిమ్మట, పూర్వపు పోలీసులు క్షమాభిక్ష కోరగా 1999లో సత్యాన్వేషణ సంఘము నిరాకరించెను.

జాతిముద్ర వేసిన చట్టము 1991లో రద్దయ్యెను. 1994లో అందఱును ఓటువేసి ప్రభుత్వమును నిర్మించుకొనిరి. 1998లో ఉద్యోగ సమానత్వమునకై చేసిన చట్టములో నల్లవారనగా ఆఫ్రికనులు, కలర్డులు, భారతీయులు అని వ్రాయబడెను. విద్యార్థులు వసతిగృహపు గదులలో తర్కించి చేసిన నిర్వచనపు విస్తృతి దేశశాసనములోనికి వచ్చెను. ఐనను ప్రశ్న తీరిపోలేదు. అందఱి కష్టములును ఒకటే కావని, ఆఫ్రికనులు భరించినది అన్నిటికంటె బరువైనదని, ఒకే పేరు క్రింద ఆ భేదము మరుగుపడరాదని చెప్పువారు కలరు. వారి మాటయు న్యాయమైనదే. కలియుట యనగా ఒకరి గాయమును మరియొకరు మఱచిపోవుట కాదు.

మన దేశమునకును ఇట్టి చరిత్ర కలదు. 1917లో బెజవాడలో పంచమ మహాజనుల సభ జరిగినప్పుడు అధ్యక్షుడగు భాగ్యరెడ్డివర్మ ఆధ్వర్యమున, ఇతరులు పెట్టిన పంచములను పేరును విడిచి, ఆది ఆంధ్రులమను పేరును వారు తమకు తాము పెట్టుకొనిరి. ఏబది యేండ్లకు పైబడిన దూరమును, సముద్రపు దూరమును ఉన్నను, ఆ పనియు బీకో పనియు ఒకే జాతివి.

నలుపును గూర్చి మన యిండ్లలోని మాటలను కూడ ఒకసారి పరిశీలించుకొందము. కృష్ణుడనగానే నల్లనివాడని యర్థము. ద్రౌపదికిని కృష్ణ యనియే పేరు. ఆ నల్లనిదేవుని పూజించు ఇంటనే ఆడపిల్ల నల్లగా పుట్టినదని నిట్టూర్చువారు, పెండ్లిచూపులలో రంగు నెంచువారు కలరు. తల్లిదండ్రులు నిట్టూర్చిన ప్రతిసారియు పిల్ల తన చర్మమును తానే ఏవగించుకొనుట నేర్చుకొనును. బీకో ప్రాణములొడ్డి తొలగింపజూచినది ఆ యేవగింపునే.

విద్యార్థులారా! 1996లో దక్షిణాఫ్రికావారు వ్రాసికొనిన రాజ్యాంగములో, ఆదరించి పెంపొందింపవలసిన భాషల పట్టికయందు తమిళముతోగూడ తెలుగు పేరును కలదు. మద్రాసు తీరమున ఓడనెక్కిన నిరుపేద కూలీల భాషకు ఆ గౌరవము లభించినది. వారు తమ భాషను విడువలేదు. ఐనను వారి బిడ్డలలో కొందఱు ఇరుగుపొరుగు ఆఫ్రికనులతో చేయికలిపి నల్లవారమని చెప్పుకొని చెరసాలకు పోయిరి. తెలుగువాడుగా నుండుటకును, పొరుగువాని కష్టములో పాలుగొనుటకును విరోధము లేదని వారు చూపిరి. తమిళ సోదరుల నడుమ తెలుగు చదువుకొనుచున్న మనకు వారి మార్గము అనుసరింపదగినది.